పాల పళ్ళు

స్కాగాఫ్యోర్ద్ మీద పొద్దు పొడిచేది పదకొండింటికి.
మూడు దాటిందంటే కొండ వెనక్కి జారిపోతుంది.
మధ్యలో ఆ నాలుగు గంటల వెలుతురు
ఇంటికి చాలదు, గుర్రాల సాలకీ చాలదు.
ఎవరికి ఇచ్చినా ఇంకొకరికి బాకీ.

ఇవాళ సాలలో కుళాయి గడ్డకట్టింది.
హెయిర్ డ్రయ్యర్ పట్టుకెళ్ళి
గొట్టానికి పావుగంట వెచ్చగాలి పట్టాను.
నీళ్ళు దగ్గి, తుమ్మి, చివరికి దారిలో పడ్డాయి.
డ్రయ్యర్ని అక్కడే,
తెల్ల ప్లాస్టిక్ చుట్టిన గడ్డి మోపు మీద మర్చిపోయాను.
మా హ్రెఫ్నా తలస్నానం చేసి ఇల్లంతా వెతికిందట.
బస్సు వచ్చేసరికి జడ కొస
పుల్లలా బిగుసుకుందట.
విరుగుతుందేమోనని భయమేసిందట.
నవ్వుతూనే చెప్పింది గానీ
నావైపు చూడలేదు.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు.
గ్రానాకి ఇరవై ఆరేళ్ళు, రెండు కళ్ళలోనూ పొగమంచు.
గోరువెచ్చటి నీళ్ళతో ఆ కళ్ళు కడిగి
నానబెట్టిన గడ్డి నోటికి అందిస్తాను.
పళ్ళు అరిగిపోయాయి, నమలడానికి గంట పడుతుంది.
ఆ గంటలో నేను ఏడు గుర్రాల డెక్కల్లోంచి
మంచు ముద్దలు పొడిచి తీస్తాను,
అడుగున కొవ్వు రాస్తాను,
లాడాలకి ఐసు మేకులు బిగిస్తాను.
జారకుండా నిలబడాలి కదా, అవైనా.

మధ్యాహ్నం బెర్గ్‌థోర్ ఫోన్, పడవ మీంచి.
సముద్రంలో ఉండి మూడు వారాలు.
"అందరూ తిన్నారా?"
"పద్నాలుగు మందీ తిన్నారు" అన్నాను.
కాసేపు అలల చప్పుడు.
"గుర్రాల్ని కలిపావా?"
"నన్ను కూడా కలిపాను."
నేను తిన్నది ఒక ఎండు చేప ముక్క.
అబద్ధం మాత్రం కాదు.

చీకటి పడేవేళ ఎవరో కొనడానికి వచ్చారు,
నల్ల గుర్రం స్కుగ్గి కోసం.
కాగితాలు ఇంట్లో ఉన్నాయి.
పెదవి ఎత్తి, బొటనవేలు చిగురు మీద ఆనించి చెప్పాను:
"మూల పళ్ళు ఇప్పుడిప్పుడే ఊడుతున్నాయి.
నాలుగేళ్ళు నిండి ఆర్నెల్లు."
ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.
"ఎంత బాగా కనిపెట్టారండీ."
నాకూ గర్వంగానే ఉండింది.
ఆ గర్వంతోనే ఇంటికి నడిచాను,
మోకాలి లోతు మంచులో, ఏడింటికి.

సూపు అడుగంటిన వాసన.
గుమ్మంలో మా చిన్నోడు హ్లినూర్,
నోరు గట్టిగా మూసుకుని.
ఏమైందిరా అంటే
దీపం కిందికి లాక్కెళ్ళి నోరు తెరిచాడు.
ముందు పన్ను లేదు.
ఆ ఖాళీలో నాలుక కొస ఆడుతోంది.
"ఎప్పుడు?"
"స్కూల్లో. వారం నుంచి కదులుతోంది.
మంగళవారం నీకు చెప్పాను కూడా.
అప్పుడు నువ్వు గ్రానా కళ్ళు కడుగుతున్నావు."
ఊఁ అని కూడా అన్నానట.

కోటు ఇంకా విప్పలేదు.
వాడే మళ్ళీ నోరు తెరిచి
"నా వయసెంతో చెప్పు" అన్నాడు.
గుర్రాల కంపు కొట్టే చేతులతోనే
గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పాను.
"ఆరు దాటింది. ఏడు నిండలేదు.
మంచి జాతి. కాస్త మొండి."
"కరుస్తుందా?"
అని, జవాబు కోసం ఆగకుండా
నా బొటనవేలు కొరికాడు.
నొప్పి పుట్టేలాగే కొరికాడు.
చెయ్యి వెనక్కి తీసుకోలేదు నేను.

తెల్లారి, అంటే చీకట్లోనే,
స్కుగ్గి కాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
మేకు కోసం కోటు జేబులో చెయ్యి పెడితే
ఇనుము కానిదేదో తగిలింది.
రాత్రి ఎప్పుడు వేశాడో.
నోటు పుస్తకం కాగితంలో చుట్టి, దాని మీద పెన్సిల్తో:
"పారెయ్యకు. ఇది గుర్రంది కాదు."

స్కుగ్గి బరువంతా నా వీపు మీద వాల్చింది.
దాన్ని కాసేపు అలాగే మోశాను.
తర్వాత ఆ పొట్లాన్ని
చిల్లు లేని జేబులోకి మార్చి
ఇంకో మేకు తీశాను.