రెండో చీటీ

ఉప్పు సరస్సుకు దక్షిణంగా నాలుగు రోజుల బండిదారి.
మట్టి ఇటుకల బడి గది, కొవ్వొత్తుల కమురు వాసన.
బయటి కోర్టు గడప మేం తొక్కం.
సహోదరుడి తగువు సహోదరులే తీర్చాలి.

ఉన్ని టోపీలో పన్నెండు చీటీలు:
బేసి తీసినవాళ్ళు ఫిర్యాది వైపు,
సరి తీసినవాళ్ళు నిందితుడి వైపు.
చిన్న కేసు, ఒకటీ రెండూ మాట్లాడితే చాలన్నారు.
నా వేళ్ళకు రెండు తగిలింది.

అల్ఫియస్ క్రాండల్ తన వంతు కాని రాత్రి
తూము ఎత్తి తన బార్లీకి నీళ్ళు మళ్ళించుకున్నాడట.
లైసాండర్ గూడెల్ రుమాలు మూట విప్పి
గింజ పట్టని గోధుమ కంకులు బల్లమీద పోశాడు.

నేను బూట్లు కుట్టేవాణ్ణి.
రెండేళ్ళుగా క్రాండల్ నాకు ఒక జత బాకీ.
లేచి నాలుగు వాక్యాలు మాట్లాడాను.
"తూము దగ్గర ఇతణ్ణి చూసినవాళ్ళు లేరు" అన్నాను.
ఐదోది నోటిదాకా వచ్చింది,
ఈ మనిషి అబద్ధమాడగా నేనెన్నడూ వినలేదని.
బాకీ గుర్తొచ్చి కూర్చున్నాను.

ఆదివారం సభలో ఒప్పుకోవాలి, లేదా వెలి.
"చెయ్యనిదాన్ని ఎట్లా ఒప్పుకోను?"
తీర్పు సరి అనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు.
సరి చీటీ వాణ్ణి కదా,
ఎత్తాను.
గుమస్తా పుస్తకంలో అతనికి మూడు పంక్తులు పట్టాయి.

వెలి అంటే ఇక్కడ కేకలేం ఉండవు.
ప్రభువు రొట్టె పళ్ళెం అతని ముందు ఆగదు, అంతే.
పులిసిన పిండి చిటికెడు అడిగితే
లమైరా క్రాండల్‌కు మూడిళ్ళలో ఒకటే మాట:
ఇప్పుడే అయిపోయింది.

మార్చిలో పూడిక తీస్తుంటే
నా పార పిడిదాకా గట్టులోకి దిగబడింది.
నీటి ఎలుక బొరియ.
గూడెల్ గోధుమ కాడలే పరుపు.
ఎవరి వంతని అడక్కుండా నీళ్ళు
ఆ కన్నంలోంచి పల్లానికి పోయాయి,
పల్లాన క్రాండల్ చేను.

అధ్యక్షుడు మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసి
చాలాసేపు మాట్లాడలేదు.
"మళ్ళీ బాప్తిస్మం ఇద్దాం" అన్నాడు చివరికి.
మురికి లేనివాణ్ణి కడగడమెందుకని
నేను అడగలేదు. లమైరా అడిగింది.
జవాబు రాలేదు.

ఏప్రిల్. అంచుల్లో ఇంకా పలచటి మంచు.
ఏ నీళ్ళు దొంగిలించాడన్నామో
ఆ నీళ్ళలోనే అతన్ని వెల్లకిలా ముంచారు.
గట్టుమీద అతని బూట్లు.
ఎడమదాని అడుగు ఊడి, తాడుతో కట్టి ఉంది.
కుట్టు నాదే.

వణుకుతూ లేచాడు. గూడెల్ దుప్పటి కప్పాడు.
అందరూ ఇళ్ళకు మళ్ళుతుంటే
గట్టుమీద కూర్చుని
నా బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాను.
గుమస్తా కలం సిరాలో ముంచి అడిగాడు:
"నీమీద ఫిర్యాదు ఎవరిది?"