అయిదో చక్రం

మా ఊరి రాయికి పళ్ళున్నాయి.
క్వారీ దారి పొడుగునా రాలిన నల్ల చెక్కలు
బ్లేడుకేం తీసిపోవు.
అందుకే పోయిన వేసంగిలో జీపుకి
నాలుగు పెద్ద టైర్లు కట్టించా.
అయిదోదాని సంగతి తరువాత చూద్దామనుకున్నా.
తరువాత అనే మాట మీద
నాకు చాలా అప్పుంది.

ఒక రాత్రి అది వసూలుకొచ్చింది.
రామతీర్థం దాటాక కుడి వెనక టైరు
పక్క చీరుకుని కూలబడింది.
కంప్రెసర్ పేరయ్య టార్చి పట్టుకుంటే
పాత స్టెప్నీ బిగించా,
పెద్దోళ్ళ పంక్తిలో పిల్లోడి విస్తరి లాగా.
ఒక పక్కకి ఒరిగి, దారంతా మూలుగుతా,
చీమకుర్తి చేరేసరికి
డిఫరెన్షియల్ మీద చెయ్యి పెడితే చెయ్యి కాలింది.
"ఊతకర్ర ఉంటే చాలదయ్యా,
పొడుగు కూడా చూసుకోవాల"
అన్నాడు పేరయ్య, ఆ వేడి మీదే
బీడీ అంటించుకోవచ్చా అన్నట్టు చూస్తా.

ఇవాళ నాయబ్ రసూల్ షెడ్డు.
కొత్త టైరు నేల మీద పడుకునుంది.
దాని మీద కూర్చుని క్లీనర్ ఇశ్రాయేలు
బొరుగులు తింటున్నాడు.
వెనక తలుపుకి ఆనించి చూశాం.
కింద బంపరు తగిలింది.
పైకి జరిపితే బోల్టులకి అందలా.
పక్కకి జరిపితే ఎర్రలైటు కన్ను మూసుకుంది.
టాపు మీదకెక్కించమని ఒకడు,
అసలెందుకు, ఫోనుంది గదా అని ఇంకొకడు.
సలహాకి డబ్బులు పడవు,
టీకొట్టు మొత్తం వచ్చి నిలబడింది.

నాయబ్ మాట్లాడలా.
సుద్దముక్కతో తలుపు మీద సున్నా గీశాడు.
చెరిపాడు.
బెత్తెడు పైన ఇంకోటి గీశాడు.
ఆనక తలుపు కీళ్ళ వైపు చూశాడు,
చాలాసేపు.
"టైరుదేముంది అబ్బయ్యా,
మోసే తలుపుని అడిగావా?
ఈ రేకు కాయితం. ఈ కీళ్ళు మీ జేజి నాటివి.
రెండు నెల్లలో తలుపూ టైరూ కూడబలుక్కుని
నీకు చెప్పకుండా ఏ గుంటలోనో దిగిపోతాయి."

ఛాసిస్ నుంచే ఒక ఇనపచెయ్యి లేపాడు.
చానెల్ ముక్క, పాత లారీ కింగ్‌పిన్,
అదరకుండా నడుమ
క్రషర్ బెల్టు నుంచి కోసిన రబ్బరు.
"కళ్ళు తిప్పుకోండి" అంటే
అందరం గోడకేసి తిరిగాం.
పాలిషింగు యూనిట్ వాళ్ళు పారేసిన
విరిగిన పలకలతో కట్టిన గోడ అది.
వెనక వెల్డింగు మెరిసినప్పుడల్లా
ఆ నలుపులో బంగారు నలుసులు
లేచి లేచి ఆరిపోయినాయి.
ఇరవయ్యేళ్ళుగా ఈ రాయి మోస్తున్నా.
దాని ముందు ఊరికే నిలబడింది
ఆ కాసేపే.

నలుగురం పట్టి ఎత్తాం.
రెండు స్టడ్లు కూర్చున్నాయి, మూడోది అలిగింది.
నాయబ్ దాన్ని సుత్తితో బతిమాలాడు.
చెయ్యి తిప్పితే టైరు పక్కకి తప్పుకుంది,
తలుపు తెరుచుకుంది,
మళ్ళీ గొళ్ళెం టక్కున పడింది.
ఆ చప్పుడు కోసం నాలుగుసార్లు వేసి తీశా.

కూలీ చెప్పమంటే చెప్పలా.
మూలన ఆ చిన్న స్టెప్నీని చూపించాడు.
"దాన్నిక్కడ వదిలెయ్. నీళ్ళ కుండకి కుదురు లేదు."
అప్పుడే రిమ్ములో కుండ కూర్చోబెట్టాడు.
కదల్లేదది, ఒక్క పిసరు.
నా జీపు కింద ఒక్క రాత్రి కూడా
సరిగ్గా నిలబడనిది.

తిరిగొస్తా అద్దంలోకి చూస్తే
దారి లేదు.
వెనకంతా నల్లటి గుండ్రం.
ఎప్పుడో పగిలే ఒక టైరు కోసం
రోజూ వచ్చే దారిని కప్పేసుకున్నా.
"ఒరే ఇశ్రాయేలూ, వెనకెవరన్నా వస్తున్నారా?"
వాడు తల బయటపెట్టి చూశాడు.
"ఎవురూ లేరన్నా. దుమ్ము."
కాసేపాగి మళ్ళీ చూసి
"మనదే" అన్నాడు.