సజ్జ

షార్జాల మా క్యాంపు ఉన్న జాగ పేరు సజ్జా.
మొదటి దినం బస్సు మీది బోర్డు సదివి
నవ్వొచ్చింది. ఎంబడే గొంతు ఎండింది.
మా ఇంట్ల సజ్జ అంటే నెత్తిమీది అర,
గంజులు, పాత మూటలు, బల్లులు.
ఎనిమిదేండ్లప్పుడు నేను ఆ గంజుల ఎనుక పండుకునేటోణ్ణి,
వాకిట్ల ఆయన చెప్పుల చప్పుడు ఇనబడంగనే.
ఆయన ఎవరో చెప్ప. చుట్టం అనుకోండ్రి.
బెల్లంముక్క తెచ్చేటోడు. అమ్మ ఛాయ్ పోసేది.

రూమ్ నంబర్ రెండువందల పద్నాలుగు. ఎనిమిది మందిమి.
మీది బెడ్డే కావాలన్న. లైటు ఆర్పొద్దన్న.
ముప్పై అంతస్తుల పరంజా మీద వెల్డింగ్ చేసేటోనికి
చీకటంటే భయమా అని నవ్విండ్రు.
వేడి అన్న. పీడకలలు అన్న. ఒకసారి షుగర్ అని గూడ అన్న.
అబద్ధాలకు వీసా అక్కర్లేదు.

ఒకనాటి రాత్రి ఇంటి నుంచి ఫోనొచ్చిందని
లింబాద్రన్న నా పాదం పట్టుకొని కదిపిండు.
నేను తన్నింది ఆయనను కాదు.
పెదవి మాత్రం ఆయనదే పగిలింది.

తెల్లారి శుక్రవారం. ఎనిమిది మందికి కూర.
ఉల్లిగడ్డలు కోస్కుంట చెప్పిన,
కండ్లకు ఒక సాకు ఉంటదని.
మూడో గడ్డకాడ ఆయన పేరు బైటికొచ్చింది,
ముప్పై ఏండ్లు నాలుక కింద దాసిన పేరు.
ఎవరూ అయ్యో అనలె.
ఖాజా స్టవ్వు చిన్నగ జేసిండు,
కుక్కర్ కూత నా మాట మీద పడొద్దని.
కడప ఓబులేసు, చానాసేపటికి,
"తప్పు నీది కాదబ్బీ" అన్నడు.
నాకు తెల్వదా? తెలుసు.
కాని ఇంకొకల నోట్లెకెల్లి ఇన్నంక
అది వేరే ముచ్చట.
లింబాద్రన్న, వాసిన పెదవితోని,
మిగిలిన గడ్డలు తన ముందలికి జరుపుకొని కోసిండు.

ఆ రోజు నుంచి నన్ను ఎవరూ ముట్టుకొని లేపరు.
గంటెతోని బెడ్డు ఇనుముకు మూడుసార్లు కొట్టి
పేరు పెట్టి పిలుస్తరు.
లైటుంటే కన్ను మూతపడని అప్పలసూరి
తువ్వాల కండ్లకు కట్టుకొని పంటడు,
దాగుడుమూతలాడే పిలగాని లెక్క.

రెండు నెలలకేమో, నడిజాము, నీళ్ళ ఫిల్టరు కాడ,
అదే అప్పలసూరి, సీసా నిండినా నల్లా బంద్ చెయ్యకుండ,
"నాకూనూ బావూ" అన్నడు. అంతే.
యాభై రెండేండ్ల మనిషి.
నీళ్ళు పొంగి ఇద్దరి కాళ్ళు తడిసినయ్.

ఇప్పుడు శుక్రవారానికి ఉల్లిగడ్డలు బస్తా తెస్తున్నం.
పక్క బ్లాకు నుంచి ఇద్దరొస్తరు,
ఎవరి కత్తి వాళ్ళే తెచ్చుకుంటరు.
ఒకాయన ఇప్పటిదాక నోరు తెరవలె.
సన్నగ కోస్తడు, మస్తు సన్నగ.
నెలకోపారి ఫోన్ల ఒక డాక్టరమ్మ మాట్లాడుతది.
అంత బాగైందని కాదు.
బెల్లం వాసనొస్తే నేను ఇప్పటికీ బైటికి పోత.
గాని నా బిడ్డకు ఆరేండ్లు, వీడియో కాల్ల చెప్పిన:
"ఎవరన్న 'అమ్మకు చెప్పొద్దు' అంటే
ముందుగాల అదే చెప్పాలె బిడ్డా."
"నీకు గూడ చెప్పాల్నా?"
"నాకు గూడ. నడిరాత్రైనా సరే. ఇక్కడ లైటు ఆర్పరు."

మొన్న కొత్తగ ఒక పిలగాడొచ్చిండు,
సిరికొండ దిక్కోడు, మీసం ఇంక సరిగ రాలె.
లైటు ఎవరికోసమని అడిగితే
నా దిక్కు ఒక్కలు గూడ చూడలె.
"ఈ రూముల లైటు గంతే" అన్నడు లింబాద్రన్న.
పిలగాడు తల ఊపిండు.
జరసేపటికి, గోడను చూసుకుంట,
మీది బెడ్డు తనకు దొరుకుతదా అన్నడు.

నేనేం అడగలె.
తొమ్మిదేండ్ల పరుపు చుట్టి
సజ్జ మీదికెల్లి కిందికి దిగిన.