రెప్పల ఎపిసోడ్

నాకు ఇంగ్లీషు రాదు.
డెల్బర్ట్ మూతి మాత్రం వచ్చు.
ఇరవై రెండేళ్లుగా సియోల్‌లో
గాసాన్ పేటలో, ఏడో అంతస్తులో, హీటర్ పక్క బల్ల మీద
ఆ మూతి తెరుస్తూ మూస్తూ బతుకుతున్నాను.
మ, ప, బలకి పెదవులు అంటాలి,
ఓకి సున్నా చుట్టాలి,
అబద్ధం ఆడబోయే ముందు
రెండు ఫ్రేములు ఊరికే ఆగాలి.
ఆ ఆగడం ఏ చార్టులోనూ లేదు.
అది వాడి గుణం.

లిఫ్టులు బాగుచేస్తాడు డెల్బర్ట్.
లిఫ్టెక్కాలంటే భయం.
ఆ ఒక్క జోకు మీద ఒక ఇల్లు నిలబడింది
అమెరికాలో ఏదో పేరులేని ఊళ్లో.
ఇక్కడ మావి నూట నలభై ఇళ్లు.

ఈసారి రాసింది క్విలన్ రాడ్‌మోర్ అన్నారు.
స్టేడియాలు నింపే క్విలన్.
మా మెట్రో స్టేషన్ గోడ మీద కాఫీ కప్పు పట్టుకుని
నిలువెత్తున నవ్వే క్విలన్.
చుట్టపు చూపుగా ఒక్క ఎపిసోడ్ రాస్తాడట.
ప్యో గుమ్‌రే జుట్టుకి రంగేసుకుని వచ్చింది,
బర్బాంక్ నుంచి కాగితాలతో పాటు
మనిషి కూడా వస్తాడన్నట్టు.
నవ్వాను గానీ
నేనూ ఆ పొద్దున పెన్సిళ్లన్నీ చెక్కి పెట్టుకున్నాను.

మా ఆయన ఫ్యాక్టరీ మూతపడ్డ శీతాకాలం,
బిల్లు కట్టలేదని గ్యాసు ఆపేసిన రాత్రి,
ఒకే దుప్పటి కింద సబ్‌టైటిళ్లు చదువుకుంటూ
క్విలన్ని చూశాం.
మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వి
"వెచ్చబడింది" అన్నాడు.
ఆ బాకీ ఇంకా నా పద్దులో ఉంది.

షీట్లు వచ్చాయి.
క్విలన్ తన్ను తానే రాసుకున్నాడు.
పక్కింట్లో దిగిన గొప్పవాడు, పేరు కూడా ఇంచుమించు అదే,
తలుపు తట్టకుండా వస్తాడు, సోఫాలో కూర్చుంటాడు,
మాట్లాడతాడు.
సీన్ నాలుగు: మాట్లాడతాడు.
సీన్ పదకొండు: లేచి నిలబడి మాట్లాడతాడు.
రోవీనా వింటుంది. చిన్నది టిల్లీ వింటుంది.
ఎవరి మాటా చివరిదాకా వినని డెల్బర్ట్
చేతులు కట్టుకుని వింటాడు.

చుట్టపు చూపుగా వచ్చినవాడు
ఇల్లు తన పేర రాయించుకున్నాడు.

నా వాటాకి రెప్పలొచ్చాయి.
మూడు వారాలు రెప్పలే.
మూయి, సగం, తెరువు.
మూయి, సగం, తెరువు.
ఒక్కచోట డెల్బర్ట్‌కి మాట దొరికింది, అబద్ధమే,
కానీ ఆగడానికి చోటివ్వలేదు.
నా చెయ్యి అలవాటుగా ఆగింది.
మాట నన్ను దాటి వెళ్లిపోయింది.

అన్నం దగ్గర గుమ్‌రే అంది:
"మనకి భాష రాక నవ్వు రావట్లేదేమో."
ఇంగ్లీషు వచ్చిన మో సంగ్‌ఛొల్
సూప్‌లో చెంచా తిప్పుతూ "కాదు" అన్నాడు.
కాసేపాగి
మళ్లీ "కాదు" అన్నాడు.

కోపం రాలేదు నాకు.
అక్కడ ఎవరో కొట్టివేతల పెన్ను పట్టుకునే ఉంటారు,
పెద్ద పేరు చూసి మూత పెట్టేసుంటారు.
అతనికి మాత్రం ఎవరున్నారు,
"చాల్లే, కూర్చో" అనడానికి?

సీన్ పందొమ్మిది. గది వెనక మూల హైరమ్ తాత.
షీటులో ఆయనకి ఒకటే మాట: వింటూ.
రాత్రి పదిన్నర. హీటర్ ఆపేశారు.
తాత నోరు తెరిచాను.
తెరిచి, ఇంకా తెరిచి,
కళ్లజోడు ముక్కు మీదికి జారేదాకా
పదహారు ఫ్రేముల ఆవులింత.
ఇరవై రెండేళ్లకి
నేను రాసిన మొదటి వాక్యం.

నెలకి దిద్దుబాట్లొచ్చాయి, నలభై ఒకటి.
ఉద్యోగం పోయిందనుకున్నాను.
సంగ్‌ఛొల్ పైకి చదివాడు:
"సీన్ పందొమ్మిది. తాత ఆవులింత.
ఇంకో ఎనిమిది ఫ్రేములు పొడిగించండి."
కింద సంతకం లేదు.

ప్రసారమైన రాత్రి నేను గిన్నెలు కడుగుతున్నాను.
"మన క్విలన్ బాగా రాశాడా?"
దుప్పటిలోంచి మా ఆయన అడిగాడు.

రెండు ఫ్రేములు ఆగి
"బాగా రాశాడు" అన్నాను.