జానెడు ఎక్కువ

దేవరకద్రల అంగడి లేసినంక
ఎడ్ల పేడ ఊడ్చి సున్నం గీతలు కొట్టేటోళ్లం.
జూరాల కాడ చేపలోళ్లు పారేసిన వల,
రెండు రైలు పట్టాల ముక్కలు,
గంతే మా కోర్టు.

కుర్మయ్య స్మాషరు. నేను లిఫ్టరు.
ఇంతకన్నా చెప్పుకునే సంగతి నా బతుకుల లేదు.

ఐదడుగుల ఆరంగుళాలోడు.
బూట్లు లేవు, మడమలు ఎండిన రేగడి.
కానీ నేల ఇడిచిండంటే
తువ్వాల కింద ఏళ్లు పట్టుకొని బేరం చేసే ఎడ్ల దళారులు
ఎన్ని ఏళ్లు పట్టిండ్రో మర్చిపోయేటోళ్లు.

ఒకపాలి అరచేతికి జాజు పూసుకొని
గోదాము గోడ మీద ఎగిరి కొట్టిండు.
ఆ ముద్ర ముట్టుకుందామని నారాయణపేట నుంచి వచ్చిన పోరగాళ్లు
ఆఖరికి నిచ్చెన అడిగిండ్రు.

మక్తలోళ్లతోని పందెం. మేకపోతు, మీద మూడువేలు.
పద్నాలుగు పద్నాలుగు.
బంతి నా పది ఏళ్ల మీదికొచ్చింది.
లేపిన.
జానెడు ఎక్కువ లేపిన, నాకు తెలుసు,
చేతుల నుంచి పోంగనే తెలిసింది.
వాడు ఆడికి గూడ పోయిండు.
పోయి, కొంచెంసేపు ఆగిండు.
అందరు చెయ్యి చూసిండ్రు.
నేను కింద ఉన్న గద,
వాని అరికాళ్లకంటిన సున్నం చూసిన.

ఆ రాత్రి పోతు ఉడికింది. కాంపౌండుకు పోయినం.
అప్పటిదాంక వాడు కల్లు ముట్టలే.
మొదటి సీసా పైసలు నాయి.
ఇది జమ్ములమ్మకు గూడ చెప్పలే.

మా ఊరి శివారుల తాళ్లు పదిహేడు.
దినాం అమ్ముడువోయే సీసాలు ఎనిమిది వందలు.
లెక్క రానోడు ఎవడూ లేడు.
ఆ తెల్లనీళ్లల్ల ఏం పొడి పడుతదో
ఈగలకు గూడ తెలుసు, వాలి లేవకపోయేటియి.

మోకాలు నొస్తుందని ఒకటి.
నిద్ర వస్తలేదని రెండు.
పొద్దుగాల చెయ్యి నిలవాలంటే నాలుగు.

పాలమూరు స్టేడియంల పోలీసు టీముకు సెలెక్షను.
ఏడు గంటలకే రమ్మన్నరు, ఆ యాళకు సీసా యాడ దొరుకుతది?
లేపిన. వలకు తగిలింది.
"మల్ల లేపు" అన్నడు. మల్ల వల.
కుర్చీల సారు ఏదో రాసుకొని కాయిదం తిప్పిండు.
వచ్చేటప్పుడు బస్సుల
కుడిచెయ్యిని ఎడమచేతుల పట్టుకొని కూసున్నడు,
పక్కింటోళ్ల పిల్లను ఎత్తుకున్నట్టు.

కరోనల కాంపౌండు బందువెట్టిండ్రు.
మూడోనాటికి దవాఖానల వాన్ని మంచానికి కట్టేసిండ్రు.
తాళ్లు సాలక జమ్ములమ్మ కొంగు చింపి ఇచ్చింది.
నాలుక కొరుక్కున్నడు, నెత్తురు.
పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసి
"వస్తుంది, లేపురా" అన్నడు.

రెండు చేతులు పైకెత్తిన.
నర్సమ్మ నన్ను గూడ పిచ్చోని లెక్క చూసింది.
మంచం మీద మడమలు తన్ని
వీపంత జానెడు లేసిండు.
కొంగు తెగలే.

చావలే.
చస్తే నాలుగూళ్లల్ల మంచిగ చెప్పుకునేటోళ్లు.
ఇప్పుడు ఆ కాంపౌండుల్నే సీసాలు కడుగుతడు,
సగం కూలి పైసలు, సగం కూలి సీసాలు.
గోదాము గోడకు ఎలక్షన్లల్ల రంగులేసిండ్రు,
జాజు ముద్ర ఏ గుర్తు కింద ఉందో
నేనొక్కన్నే చూపెట్టగలుగుత.
చూపెడితే నమ్మరు.

మొన్న పిల్లల బంతి దొర్లుకుంట గేటు కాడికి పోయింది.
వాడు చేతులల్ల సీసా కింద పెట్టలే,
కాలుతోని నూకిండు.
అరికాలు తెల్లగ ఉంది.
సున్నం కాదు, నీళ్లల్ల నాని.
"ఏం లిఫ్టరూ" అని నవ్విండు.
ముందటి పండ్లు రెండు లేవు.

పిల్లలు ఒకడు తక్కువున్నడని నన్ను పిలిచిండ్రు.
మా స్మాషరు ఎగిరితె సూడు తాతా అన్నరు.
సన్నగ ఉన్నడు, ఎనిమిదో తరగతట, మంచిగనే ఎగురుతుండు.
బంతి నా ఏళ్ల మీదికొచ్చింది.
తక్కువ లేపిన.
"ఇంకా పైకి తాతా" అని మొత్తుకుంటనే ఉన్నడు.