తవుడు

అంబాసిడర్ వచ్చిందంటే
కుప్పమ్మ ముందు కిందికి దూరుతుంది.
సంపు నట్టు విప్పి, బొక్కెన పెట్టి
చివరి చుక్క దాకా కూచుంటుంది.

"నేల తాగేస్తాదిలే, వదలక్కా" అంటాడు కొత్త పిల్లోడు.
పలకదు.
నీవా ఏటి ఒడ్డు బోరింగులో
ఒక ఎండాకాలమంతా
బిందె నీళ్ళ మీద హరివిల్లు తేలింది.
ఆ నీళ్ళే తాగినారు.

బ్యాటరీని తొణకనివ్వదు, నిండుకుండలా మోస్తుంది.
చలిమంటకు టైరు అడిగినోళ్ళను
కసిరి పంపుతుంది.
అద్దం ఒక గోనెలో, రాగితీగ ఇంకోదాంట్లో.

డాష్‌బోర్డు సందులో
ఎండిన నిమ్మకాయ,
కాణిపాకం పార్కింగు చీటీ,
పసిపాప గాజు ఒకటి.
ఇవి ఏ గోనెలో వెయ్యాలో తోచక
రవ్వంత సేపు అట్నే నిలబడింది.

ముగ్గురు పోయినాక పుట్టిందని
వాళ్ళమ్మ ఆమెను చెత్తకుప్ప మీద పడుకోబెట్టి,
ఎత్తుకున్న పక్కింటామెకు
చేటెడు తవుడిచ్చి
మళ్ళీ కొనుక్కుంది.
ఆ పొద్దు పెట్టిన పేరు.

ఇంజను కాటా ఎక్కింది.
"పాత ఇనుమే గదమ్మా, కుప్పలోది,
ధర తగ్గించుకో" అన్నాడు
రాయవేలూరు సేటు.

చేతులు రంపపుపొట్టులో రుద్దుకుంటా అనింది:
"కుప్పలోదైతే ఊరికే ఇస్తారా సామీ?
మాయమ్మ నాక్కూడా తవుడిచ్చింది."