ఆముదం చెట్టు

పదకొండింటికి వస్తానంటే
పదకొండింటికి పోతాను.
నా విద్య అంతే.

ఈ మాట బైరాగిపట్టెడలో ఎవురికి చెప్పినా
నవ్వి, "తర్వాత?" అంటారు.
తర్వాత ఏముంది!
చెప్పులు గడప బయట విడుస్తా,
ఏసీ విప్పేముందు మంచం మీద పాత పంచె పరుస్తా,
కారిన నీళ్ళు నేనే తుడుస్తా,
చెడిపోయిన కెపాసిటర్ని చేతిలో పెట్టి చూపిస్తా.
గాంధీ రోడ్డు లాడ్జీల్లో ఇంతమాత్రానికే నాకు
'టైము దొరసామి' అని పేరు.

చెప్పినట్టు వచ్చే మనిషే దేవుడు ఈ పనిలో.
"దార్లో ఉండానన్నా" అనేవోడు
దుప్పటి కింద ఉంటాడు.
"రేపు పొద్దన్నే" అనేవోడి పొద్దు
మూడు రోజులకి గానీ పొడవదు.
మే నెల్లో ఒకసారి, ఒక్క గదిలో పదిమంది
గుండ్లకి చందనం పూసుకోని కుతకుతలాడతా ఉంటే
మేనేజరు గంగిరెడ్డి నా బండి శబ్దం విని
రెండు చేతులెత్తి మొక్కినాడు.
మొక్కాల్సింది కొండకి గదప్పా, అన్నా.
అన్నానే గానీ, లోపల తియ్యగానే ఉండింది.

దేవసేన రుయా ఆసుపత్రిలో రక్తం తీస్తుంది.
ఇడ్లీ బండి ముందర మొదటిసారి కలిసినప్పుడు
నాకు ఏం మాట్లాడాల్నో తెలీక
"ఈ పొద్దు ఎంతమందికి తీసినావు?" అని అడిగినా.
డెబ్బై ఒకటి, అంది.
డెబ్బై ఒకటో మనిషి సంగతి చెప్పమన్నా.
చెప్పింది. విన్నా.
ఫోను జేబులోనే ఉండిపోయింది,
ఇడ్లీ చల్లారిపోయింది.

నెలయినాక చెప్పింది:
నీకు ముందు ముగ్గుర్ని చూసినా.
ఒగడు గంటసేపు తన కారు మైలేజీ చెప్పినాడు.
ఒగడు కూర్చోకముందే నా జీతం అడిగి,
కూర్చున్నాక, పెళ్ళయితే ఉద్యోగం మానేస్తావా అన్నాడు,
రెండూ ఒకే నోటితో.
మూడోవోడు ఫోటోలో బాగుండాడు. మనిషి రాలేదు.

నేను కాలరు సర్దుకున్నా.
చెయ్యెత్తి ఆపింది.
"ఎగరొద్దు.
చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షం."

ఆముదం చెట్టు సంగతి నాకు తెలుసు.
చంద్రగిరి దారి కంపల్లో పెరిగినోణ్ణి.
కొమ్మ పట్టుకుంటే చేతికొచ్చేస్తుంది,
దూలానికి రాదు, తలుపుకి రాదు,
నీడ కూడా సగం మనిషికే.
ఆ రాత్రి మేడ మీద పడుకోని
కొండ మెట్ల దీపాలు చూస్తా అనుకున్నా:
పక్కనోళ్ళు పొట్టోళ్ళని
పొడుగైనోడి పొడుగెంత?

పోయిన నెల కరకంబాడి రోడ్డులో
వేలాయుధమని కొత్త పిల్లోడు దిగినాడు.
టైముకే వస్తాడు.
వాడూ పంచె పరుస్తాడు.
పైగా కంప్రెసరు మీద చెయ్యి పెట్టి
కండ్లు మూసుకోని జబ్బేందో చెప్పేస్తాడు.
నేను విప్పితే గానీ చెప్పలేను,
పదమూడేళ్ళ సర్వీసు.

ముందు కడుపు మండింది, అబద్ధమెందుకు.
గంగిరెడ్డి దగ్గర వాడి గురించి
ఒక చెడ్డ మాట నాలిక చివరిదాకా వచ్చింది,
టీతో మింగినా.
ఆదివారం వాడి షెడ్డుకే పోయి
ఎట్ల వింటావు రా, అని అడిగినా.
"నువ్వు అడిగేదా అన్నా" అని
స్టూలు తుడిచి వేసినాడు.
ఇప్పుడిప్పుడే
బేరింగు అరిగిన మూలుగుకీ
గ్యాసు తగ్గిన మూలుగుకీ
తేడా తెలస్తా ఉంది.
పదిట్లో నాలుగు తప్పు చెప్తా ఉండా.

ఈ నాలుగు తప్పుల సంగతి చెప్పాలని
లీలామహల్ కాడ ఆరింటికి రమ్మన్నా దేవసేనని.
పది నిమిషాలు ముందే పోయినా,
అలవాటు కొంచెం, గర్వం కొంచెం.

బెంచీ మీద అప్పటికే ఉంది.
తన టీ సగం అయిపోయింది.
పక్కన ఇంకో గ్లాసు,
ఆవిరి పోకుండా
చిన్న ప్లేటు బోర్లించి.